ఊదప్పా, ఊదు

రుయా ఆసుపత్రి, మేడ మీద చివరి గది.
గొట్టం నోటికిచ్చి
రోజుకు నలభై మందితో ఒకే మాట అంటాను:
ఊదప్పా, ఊదు, ఇంకా, ఇంకా...

ఇవాళ దొరస్వామి వచ్చినాడు.
రేణిగుంట రోడ్డు వారగా ఇల్లు.
పొద్దున తుడిచిన టీవీ అద్దం మీద
మాపటికి వేలితో పేరు రాయొచ్చునంట.

ఏం పని చేస్తావని అడిగితే
బుగ్గలు పూరించి చూపించినాడు.
అప్పుడు గుర్తుపట్టినాను.
నా పెండ్లిలో నాదస్వరం ఈయనదే.
పంతులు చాలని చెయ్యెత్తినా
ఆ పొద్దు ఊపిరి ఆపలేదు.

ఊదినాడు.
తెర మీద గీత లేచి
అలిపిరి తొలి మెట్టు మీదే కూలబడింది.

"మిషను చెడిందేమో చూడమ్మా."
మూడుసార్లు చూసినాను.

బీడీ?
"శ్రుతి పోతుందని ముట్టలేదు."
'పొగ తాగడు' అని రాసినాను.
తాగించినోళ్లను రాసేదానికి
ఆ కాగితంలో గడి లేదు.

పోతా పోతా జేబులోంచి సన్నాయి పీక తీసినాడు.
"దీంట్లో అయితే పలుకుతాదేమోలే."

ఇంకొకరిని పిలిచేలోపల
బయట బెంచీ మీదినుంచి
సగం స్వరం,
ఆపైన దగ్గు,
చానాసేపు.