తూర్పున అయిదు, పడమట నాలుగు

టేపు ఈ కొస నేను పట్టుకుంటా మేడమ్,
ఆ కొస మీరు చూసుకోండి.
పడసాల ముప్పై రెండడుగులు.
రాసుకోండి.
కంబాలు కొలిచేటప్పుడు కింద ఒకసారి, పైన ఒకసారి కొలవాల,
పైకి పోయేకొద్దీ బొటనవేలంత సన్నమైతాయి.
కంటికి నిటారుగా కనపడేదానికి
రాయి గూడా కొంచెం అబద్ధం చెప్తాది.

గచ్చు మీద చెయ్యి పెట్టండి,
ఈ ఎండల్లో గూడా చల్లగుండాది.
బేతంచెర్ల సున్నపురాయి. గానుగలో ఎద్దులు అలిసిపోయేదాకా తిప్పి,
కరక్కాయ నీళ్ళు, బెల్లం పాకం,
ఆఖర్న కోడిగుడ్డు సొన.
ఆ గుడ్లు ఎవరి కోళ్ళవో రాసేదానికి
మీ కాయితంలో గడి ల్యాదు,
పోనీండి.

పైన మాత్రం మట్టిమిద్దే.
దంతెల మీద బండ, బండ మీద చౌడు.
వానల ముందర ఏటేటా కొత్త చౌడు పొయ్యాల.
పోసేవాళ్ళు ల్యాక మూలగది కూలింది.
గవాచి మాత్రం చెక్కు చెదరల్యా,
పొద్దు నడినెత్తికొస్తే
నడిమింట్లో రోలంత గుండ్రంగా వెలుగు పడతాది,
చూసే మనిషి ఉన్న్యా, ల్యాకున్న్యా.

ఇప్పుడు కిటికీలు లెక్క పెట్టండి.
తూర్పున అయిదు.
పడమట నాలుగు.
మళ్ళీ పెడతాండారా? ఎన్నిసార్లు పెట్టినా నాలుగే.

ఇట్ల రాండి, వంటింటి గోడకాడికి.
తాపీ పిడితో కొడతా, వినండి.
ఇక్కడ టక్.
ఇక్కడా టక్.
ఇక్కడ డొల్ల.

ధాత కరువులో
ఈ కిటికీలోంచి ఓబుళమ్మ దొరసాని
కొర్రగంజి పోస్తాండెనంట.
ఊచల సందున దోసిలి పట్టదని
రెండు ఊచలు వంచిందంట, రోకలితో.
వరస వంక దాటి పోయేదంట.
దొర చూసినాడు.
తిట్టల్యా, కొట్టల్యా.
మా తాతకు తాత పెద్ద దస్తగిరిని పిలిపించి
"తెల్లారేసరికి ఇది గోడ కావాల" అన్న్యాడు.
కూలి రెండు శేర్ల జొన్నలు.

ఆ దినం మా ఇంట్లో పొయ్యి వెలిగింది.
దాచేది ఎందుకు.

అయితే ఒక మాట మావోళ్ళు
కొడుక్కి కొడుకు చెప్పుకుంటా వస్తాండారు.
ఆ రాత్రి ఆయన సున్నం కలపల్యా.
వట్టి మట్టి, జొన్నపొట్టు.
పైపైన మాత్రం గచ్చు, అద్దం మాదిరి రుద్దినాడు.
ఎవురన్నా భుజమానించి తోస్తే పడిపోవాలని.
నూటయాభై ఏండ్లాయె,
ఎవురూ తొయ్యల్యా.
మా నాయన తొయ్యల్యా. మూడుసార్లు దీనికి సున్నం కొట్టినోణ్ణి,
నేనూ తొయ్యల్యా.

రేపు గేటుకు నీలం బోర్డు కొడతారంట కదా,
రాయి కదిలిస్తే జైలు, జరిమానా.
మంచిదే. మేడ నిలబడతాది.
ఈ మట్టి గూడా నిలబడతాది,
గవర్మెంటు కాపలాతో.

ఏంది మేడమ్, పెన్సిలు ఎత్తి ఆగినారు?
గోడంటే మీకు నల్లగీత కదా.
ఇక్కడ చుక్కలు పెడతాండారేంది?

సరే, టేపు చుట్టొద్దండి.
జాలారి ఇంకా కొలవల్యా.