చాటు

చండూరులో మా డాబా మీద
రాత్రి పదకొండూ పధ్నాలుగుకు
ఒక చుక్క మసకబారడం మొదలైంది.
కంటికి ఒక్కటే. లెక్కకు రెండు.
మన సూర్యుడంత ఒకటి, కొంచెం తక్కువ ఇంకొకటి,
మూడు రోజులకోసారి
ఒకదాని చుట్టూ ఒకటి తిరిగొస్తాయి.
కెమెరా నిమిషానికో ఫొటో తీస్తోంది.
నేను కాపీలో అంకెలేస్తున్నాను.

మెట్టు మెట్టుకూ కూర్చుంటూ
ఈదమ్మ పెద్దమ్మ పైకొచ్చింది.
మర్రిగూడ బోరు నీళ్లు తాగిన మోకాళ్లు,
మడతపడవు.
"ఏం జూస్తున్నవ్?"
"కవలలను పెద్దమ్మా. వాటి వయసు."

నవ్వింది.
ఆధార్‌లో తనకూ సైదమ్మకూ జనవరి ఒకటే,
ఏండ్లే ఏడు తేడా.
పింఛను ఒకరికొచ్చింది, ఒకరికి రాలేదు.
ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎనభై అన్నాడు.
తన లెక్క వేరు:
"సాగర్ కట్టకు మన్ను మోసిననాడు
మా ఇద్దరి లంగాలూ పొట్టిగైనయి."

చుక్కలకు ఏ కట్టా గుర్తుండదు.
ఒకటి ఇంకొకదానికి అడ్డమొచ్చినప్పుడు
ఎంత వెలుగు తగ్గిందో, ఎంతసేపో,
దాంతో ఒళ్లు కొలుస్తాం.
బరువు ఇంకెవరో పెద్ద అద్దంతో తూచి పంపుతారు.
ఒకే మబ్బులో, ఒకే కాన్పులో పుట్టినా
బరువైనది తొందరగా కాలి
ముందు ఉబ్బుతుంది, ముందు ముసలిదవుతుంది.

"సైదమ్మ నాకంటె లావు" అంది పెద్దమ్మ.

మొన్న పీర్ల పండుగకు ఏడాది.

ఏమనాలో తోచక మిగతాది చెప్పుకుపోయాను:
రెండూ గాలి ఊదుకుంటూ
ఆ గాలితోనే తమ తిరుగుడు కొంత పోగొట్టుకుంటూ
కోట్ల ఏండ్లకు దగ్గరవుతాయని,
దగ్గరైనకొద్దీ ఇంకా జోరుగా తిరుగుతాయని,
చివరికి ఒరుసుకుని
ఒక్కటే అవుతాయని.
ఆమె వినలేదు.
వేలెత్తి, వేరే ఏదో చుక్కను చూపిస్తూ అడిగింది:
"చాటుకు పోయినది
చాటున్నంతసేపు ఏం జేస్తది?"
"ఎప్పటిలెక్కనే మండుతది."
"మనకే కానరాదు."
"మనకే."

కింద ఎవరి చేన్లోనో త్రీఫేజు కరెంటొచ్చి
మోటరు రెండుసార్లు దగ్గి నీళ్లందుకుంది.

వెలుగు అట్టడుగుకు దిగినప్పుడు,
పన్నెండూ యాభై నుంచి ఒంటిగంట దాకా,
నా కాపీలో అంకెలు లేవు.
కెమెరా తీసే ఉంటుంది.
నా చెయ్యి అప్పుడు
పెద్దమ్మ మోకాలి మీదుంది.