ఉత్తినే కూకోడం

నాలుగుంపావుకి లేస్తాను.
భువనేశ్వర్ పోయే ప్యాసింజరు
పలాస స్టేషన్లో ఆగి ఆయాసం తీర్చుకునే వేళ.
చాప పరుస్తాను. లైటు వెయ్యను.
గోడకున్న సిలువ చీకట్లో కనబడదు,
అక్కడుందని తెలుసు, అంతే.

మా సంఘంలో ప్రార్థనంటే గొంతు.
మైకు పాడైనా మూడు వీధులకి వినబడాలి.
నాకది బాగానే వచ్చేది.
ఉపవాస కూటాల్లో నన్నే ముందు లేపేవారు.
మా తమ్ముడు తీతు
డయాలసిస్ మంచం మీద రెండేళ్ళు పడున్నప్పుడూ
అదే గొంతుతో అరిచాను దేవుడి మీద.
వాడు పోయాక
నోట్లో మాటలు నానని శనగలైపోయాయి.

అప్పుడు చెప్పింది కెజీయమ్మ,
మందస రోడ్డు పక్క ఒంటి గదిలో ఉండే
ముసలి బైబిలు స్త్రీ:
"మాటల్లేకపోతే మానీ.
ఒక్క పేరట్టుకో, యేసయ్యా అని.
ఇరవై నిమిషాలు ఉత్తినే కూకో.
మనసు పారిపోద్ది. పోతే మళ్ళీ పిల్చుకో.
తిట్టకు దాన్ని."

ఇంతేనా, అనుకున్నాను.

మొదటి రోజు యేసయ్యా అన్నాను.
రెండోసారి అనేలోపు
చీటీ ఎవరు పాడుకున్నారో గుర్తొచ్చింది.
తరవాత గ్యాసు బండ. తరవాత
పదేళ్ళ కిందట ఆడపడుచు అన్న మాట,
దానికి ఇవాళ దొరికిన జవాబు.
ఎంత మంచి జవాబో!

రెండో వారం తిమ్మిర్లు.
తరవాత నిద్ర. ఎంత నిద్రంటే
నా గురకకి నేనే ఉలిక్కిపడి లేచి
ఆమేన్ అన్నాను.

మూడో నెలలో తీతు వచ్చాడు.
సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి చాపి
"అక్కా, నాకోసం సరిగ్గానే అడిగావా?" అన్నాడు.
ఆ తెల్లారి చాప చుట్టి మూల నిలబెట్టాను.
పదకొండు రోజులు ముట్టుకోలేదు.

పన్నెండో రోజు వెళ్ళి చెప్పేశాను:
"అక్కడేటీ లేదమ్మా. గోడ. చీకటి. నా గోల."
కెజీయమ్మ చేటలో బియ్యం రాళ్ళేరుతోంది.
తలెత్తలేదు.
"నాకూ అంతేనే" అంది.
"ఎన్నాళ్ళు?"
"నాకు లెక్కలు రావు.
మా ముసిలోడు పోయిన కాణ్ణించీ."
ఇంకో రాయి తీసి గుమ్మం బయట పడేసి,
"ఏటీ లేదని నీకెలగ తెలిసింది?
కూకున్నావు గనకే కదా" అంది.
టీ పెట్టింది. పంచదార మర్చిపోయింది.
నేను చెప్పలేదు.

జీడి పిక్కల పని నాది.
మొదట పిక్క కొట్టేదాన్ని,
జీడిసొనకి కాలిన నలుపు ఇప్పటికీ గోళ్ళ మూలల్లో ఉంది.
ఇప్పుడు పొట్టు తీస్తాను.
గట్టిగా నొక్కితే గుండు బద్దలౌతుంది,
బద్దకి రేటు తక్కువ.
కొత్తగా వచ్చిన గుంటలకి నేనే చెబుతాను:
వేళ్ళు వదులు చెయ్యండే,
పొట్టు దానంతటది వస్తుంది,
రాకపోతే పక్కన పెట్టండి, రేపు చూద్దాం.
ఒక మధ్యాహ్నం అలా చెబుతూ చెబుతూ
మధ్యలో ఆగిపోయాను.
"ఏటైందక్కా?" అంది పక్క పీట మీది పుణ్యవతి.
ఏం లేదన్నాను,
అబద్ధమో నిజమో నాకే తెలియకుండా.

చాప మళ్ళీ పరిచాను.
చీటీ వచ్చింది, గ్యాసు బండ వచ్చింది,
ఆడపడుచు కూడా వచ్చి
తన మాట తను అనేసి వెళ్ళింది.
నా జవాబు నేనివ్వలేదు, లేదా
సగం ఇచ్చి ఊరుకున్నాను.
ఈ రోజు తీతు వచ్చాడు.
పొమ్మనలేదు. సరిగ్గా అడిగానో లేదో
నాకింకా తెలీదు. అదే చెప్పాను.
కూకోరా, చాప మీద చోటుంది, అన్నాను.

ప్యాసింజరు కూత పెట్టి కదిలింది.
నాలుగుసార్లనుకుంటా, పిలిచాను ఆ పేరు.
ఐదోసారి
పిలిచింది నేనేనా, లేక

సరే.
ఫోను తిప్పి చూస్తే
ఇంకా ఆరు నిమిషాలుంది.
కూకున్నాను.