మూడు సెకన్లు పడటం

వాంకూవర్‌లో వాన, అలవాటు ప్రకారం.
మా స్టూడియోలోకి మాత్రం వానకు ప్రవేశం లేదు.
గోడలకు దూది. తలుపుకు రెండు పొరల మౌనం.

మార్గిట్ సోల్‌బర్గ్ బూట్లు బయటే విప్పేసింది,
చేతి గడియారం నా బల్ల మీద పెట్టింది,
ఆకలి మూలిగితే మైకు వింటుందని
పొట్టకు దిండు అడ్డం పెట్టుకుంది.
పుల్లటి పచ్చ ఆపిల్, ఒకే ఒక్క కొరుకు.
వయసు యాభై ఆరు.
నోరు తెరిస్తే పదిహేను.

తొమ్మిదేళ్లుగా టిబ్ క్వింట్ గొంతు ఈమెదే.
తొమ్మిదేళ్లుగా వాడిది పదో తరగతే.
లెక్కల పరీక్షకూ లోకం మునగడానికీ నడుమ
ఎప్పుడూ ఒక్క పీరియడే టైము వాడికి;
క్యాంటీన్ మేనేజరే మహా దుర్మార్గుడని
ఇంకా ఏ టీచరూ నమ్మలేదు.
ఇప్పుడు సీరియల్ ముగిసింది.
గంటన్నర సినిమా, టీవీలో, ఓ శనివారం రాత్రి.
ఆ తర్వాత అట్టపెట్టెలు.

మాటలన్నీ నిన్నటికే అయిపోయాయి.
ఈరోజు కాగితం మీద ఉన్నవి మాటలు కానివి:
దెబ్బ తినడం, ముక్కు మీద.
దూకడం, రెండు మేడల మధ్య.
మరిగే సూప్ మింగడం, మర్యాదగా.
పడటం, మూడు సెకన్లు.

నేను ఎర్ర దీపం వెలిగిస్తాను.
పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం కాదు ఆమెది,
ముక్కుకు ఒక మూలుగు, డొక్కకు ఇంకొకటి,
పరువుకు తగిలితే మూడోది, సన్నగా.
మేడ మీంచి పడేటప్పుడు
మునివేళ్ల మీద లేచి నిలబడుతుంది,
నేల దూరమవ్వాలని.

మధ్యాహ్నం బయటికొచ్చి అడిగింది:
"చివరి సీన్‌లో వాడు పెద్దవాడవుతాడట కదా.
ఆ గొంతు వినిపించు."
దాచి లాభం లేదు. వినిపించాను.
టొరంటోలో ఎవరో కుర్రాడు, మంచి ఖర్జం,
ఒక్కటే మాట: "వస్తున్నా."

ఆమె రెండుసార్లు విన్నది.
"గొంతు బాగుంది," అంది,
"కానీ వీడు ఎక్కడి నుంచీ పడలేదు."
దిండు తీసుకుని లోపలికి వెళ్లి
అడక్కుండానే మళ్లీ పడింది.
మూడు సెకన్లు, నాలుగు, ఆరు.
నేను ఆపలేదు.
నేల తగలలేదు.
చివర్లో ఒక ఊపిరి తీసుకుంది, అంతే.

రాత్రి అందరూ వెళ్లాక
ఆ ఊపిరిని కత్తిరించి
కుర్రాడి "వస్తున్నా"కు ముందు అతికించాను.
ఎవరి సంతకమూ అడగలేదు.

శనివారం సినిమా వచ్చింది.
ఆదివారం పొద్దున్నే ఫోన్, మార్గిట్.
"ఆఖర్న ఆ ఊపిరి ఎవరిది?"

"వాన చప్పుడేమో," అన్నాను.