ఏటవాలు

విమానంలోంచి అందరూ ఒకేసారి దూకుతారు
పెద్ద ఊరి మీదికి, మేడల మీదికి,
మేత వల మీద రొయ్యలు మూగినట్టు.
నేను ఆఖరున దూకుతాను,
మ్యాపు చివర
రెండు పెంకుటిళ్ళున్న చోట.
ఒక హెల్మెట్టు, ఒక కట్టుగుడ్డ,
సగం తూటాలున్న తుపాకీ.
చాలు.

"పిరికి సన్నాసీ" అంటాడు సూరిబాబు చెవిలో,
అమలాపురంలో సెల్‌ఫోన్ కొట్టు మూసేసి, షట్టరు లోపల కూచుని.
మోత ఎక్కడుంటే వాడక్కడ.
తీర్థంలో బాణసంచా విన్న పిల్లాడిలా పరిగెత్తి
మూడో నిమిషంలో చచ్చిపోయి
మిగతా ఆటంతా నా భుజం మీంచి చూస్తూ
నాకు యుద్ధం నేర్పుతాడు.

నేనుండేది చెరువు గట్టు మీద, తాటాకు పాకలో.
నాలుగెకరాల రొయ్యలు, ఆరు ఏరేటర్లు.
తెల్లారేదాకా
ఒక చెవి ఆటకి, ఒక చెవి నీటికి.
ఆరింటిలో ఒక్కటి ఆగినా నిద్రలోనూ తెలుస్తుంది.
అలాంటి చెవికి
గోడ అవతల గడ్డిలో బూటు చప్పుడొక లెక్కా?

వస్తున్నాడు.
ఇందాకట్నుంచీ తెర మూల వాడి పేరే,
పద్నాలుగు మందిని పొట్టన పెట్టుకున్నాడు.
వాడికి నేను దొరకాలంటే
కదలకుండా అయినా ఉండాలి,
వాడనుకున్న వైపైనా కదలాలి.

మా చినమావయ్య ఏసుపాదం
వంతెన పడకముందు గెద్దలంక రేవులో నావ వేసేవాడు.
ఎర్రనీళ్ళొచ్చిన రోజుల్లో
అవతలి రేవుకి ఎదురుగా ముక్కు పెట్టేవాడు కాదు.
ఇటు గట్టు వెంబడే గడ వేసుకుంటూ
అరమైలు ఎగువకి పోయి
అప్పుడు ఒడ్డు వదిలేవాడు.
ఏరు తోసినంతా తోసేది.
నావ జారి, జారి,
సరిగ్గా మెట్ల దగ్గర
పంతులమ్మ చెప్పులు తడవకుండా ఆగేది.
"ఏటితో పోట్లాడితే ఏరే గెలుస్తాదిరా.
దాని దారి దానికిచ్చి నీ దారి తీసుకో."
ఏటవాలు అన్న మాటలో ఏరుందని
ఆ నావలోనే కనిపెట్టాను,
బడిలో ఎవరూ చెప్పలేదు.

నీలం గీత దగ్గరవుతోంది.
పట్నం కుర్రాళ్ళకి అదో ఆట.
లంకలో పుట్టినోడికి శ్రావణమాసం:
పొద్దున్న చేను, మధ్యాహ్నం అరుగు,
రాత్రికి ఇంటి కప్పు.
ముందు లేచినవాడికి పడవలో చోటుంటుంది.
నీళ్ళు మడమ తాకేదాకా కూచున్నవాడు పరిగెత్తాలి.
పరిగెత్తేవాడి అడుగులు
అందరికీ వినబడతాయి.

అందుకే నేను ముందే లేచాను.
మైదానం అడ్డంగా కొయ్యలేదు.
పంట బోదెలో వంగి, బోదె నుంచి రాయికి, రాయి నుంచి గోడకి,
కొంగ కాలు మార్చినట్టు.
ఎడమకి పొగ డబ్బా విసిరి కుడికి జరిగాను.
వాడు పొగని కాలుస్తున్నాడు, కాలుస్తూనే ఉన్నాడు,
పొగలో ఎవరూ లేరు,
సూరిబాబు నవ్వు తప్ప.

ఇంక ముగ్గురం.
గడ్డిలో బోర్లా పడుకున్నాను.
గుండె పాకంతా కొట్టుకుంటోంది.

అయిదో ఏరేటరు ఆగిపోయింది.

ఫోను చాప మీద పడేసి పరిగెత్తాను.
ఈసారి అడుగులు ఎవరు విన్నా సరే.
బురదలో ఒక చెప్పు ఉండిపోయింది.
స్టార్టరు డబ్బా తెరిచి, ఫ్యూజు మార్చి, బటన్ నొక్కి
నీళ్ళు మళ్ళీ తెల్లగా ఎగిరేదాకా నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి
రెండో స్థానం. చంపినవి సున్న.
నీలం గీత మింగేసింది నన్ను.
సూరిబాబు గొంతు మాత్రం మారిపోయింది:
"ఒరేయ్, వాడు నీ పక్క నుంచే పోయాడ్రా, రెండడుగుల్లో!
వెనక్కి కూడా చూళ్ళేదు.
ఊపిరి బిగబట్టావా ఏంటి, అలా ఎలా ఉన్నావురా?"

"నేనక్కడ లేన్రా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. విప్పి చెప్పలేదు.
టార్చి తీసుకుని గట్టు దిగి
చెరువులో వెలుగేశాను.
వెయ్యి ఎర్రటి కళ్ళు
ఒక్కసారి నన్ను చూసి
వెనక్కి, ఏటవాలుగా,
వెలుతుర్లోంచి తప్పుకున్నాయి.