తరుగు

రావులపాలెం బైపాస్ పక్కన వేబ్రిడ్జి నాది.
నాదంటే నాది కాదు, కుర్చీ వరకే.
పద్దెనిమిదేళ్ళుగా లారీల బరువు రాస్తున్నాను:
నిండు బండి, ఖాళీ బండి, తీసేస్తే సరుకు.
తడి ధాన్యానికి తరుగెంతో
నాలుగు గింజలు పంటికింద నొక్కి చెప్పగలను.
నా బరువు మాత్రం
ఎవరూ అడక్కుండా బల్ల వెనక దాచుకున్నాను.

పొద్దున్నే లంకలో పడవెక్కితే
సత్తిబాబు గెడ ఆపి అంటాడు,
"భాగ్యక్కా, నడిమికి కూర్చో. ఆయ్, అక్కడే."
బడిపిల్లలు రెండు పక్కలా సర్దుకుంటారు.
ఎవరూ నవ్వరు. అదే నాకు కష్టం.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరమ్మ
పొట్ట బొమ్మ గీసి ముప్పాతిక కొట్టేసింది.
"మిగిలేది అరటిపండంత" అంది.
గెలల మార్కెట్ పక్కన బతికేదాన్ని,
చక్కెరకేళీయా, కర్పూరమా
అని అడగబోయి ఊరుకున్నాను.

ఖర్చు సంగతి ఇన్సూరెన్స్ కౌంటర్లో కుర్రాడు చెప్పాడు.
కంపెనీ ఇవ్వాలంటే
బీఎమ్ఐ నలభై దాటాలంట.
లేదా ముప్పై అయిదు దాటి
పక్కన గట్టి జబ్బొకటి తోడుండాలంట.
అంతకంటే ముందు
ఆరునెలలు పథ్యం చేసి, నెలనెలా తూగి,
తగ్గలేదని రుజువు చూపాలంట.
"మరి తగ్గితే?"
పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
"తగ్గితే మంచిదే కదండీ."

ఆరునెలలు.
రాగిజావ, కాకరకాయ, నూనె లేని బెండకాయ.
ఆడపడుచు కూతురి పెళ్ళిలో
పనసపొట్టు కూర ఆవ ఘాటు తగుల్తుంటే
చేతులు కట్టుకుని విస్తరి ముందు కూర్చున్నాను.
"ఒంట్లో బాలేదా వదినా?" అన్నారు.
ఎప్పుడూ లేనంత బాగుంది, అదే నా భయం.

ఆగస్టులో గోదారి ఎర్రబడింది.
పడవలు కట్టేశారు. పన్నెండు రోజులు లంకలోనే.
తూకం తారీకు నీళ్ళలో పోయింది.
వరద తీసిన మొదటి రాత్రి, లారీలు లేనప్పుడు,
చెప్పులు విప్పి
వేబ్రిడ్జి రేకు మధ్య ఒక్కదాన్నీ నిలబడ్డాను.
చీటీ దానంతటదే వచ్చింది.
బండి నంబరు: ఖాళీ. సరుకు: ఖాళీ. బరువు: తొంభై.
మా కాటా పదులే లెక్కపెడుతుంది,
నాలాంటి చిల్లర దానికి ఆనదు.
కుర్రాడు చీటీని అటూ ఇటూ తిప్పి
"ఇది చెల్లదండీ" అన్నాడు, నవ్వాపుకుంటూ.
నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

ఆఖరి తూకంలో తొంభై ఆరు కాస్తా
తొంభై ఒకటీ ఎనిమిది వందలైంది.
బీఎమ్ఐ ముప్పై తొమ్మిది పాయింటు ఏడు.
కుర్రాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.
"రేపు కడుపునిండా తిని,
రెండు లీటర్లు నీళ్ళు తాగి రండమ్మా. మళ్ళీ తూద్దాం."
తూకమప్పుడు క్లీనర్ని క్యాబిన్లో దాచిన డ్రైవర్లని
పద్దెనిమిదేళ్ళుగా దింపించినదాన్ని.
వద్దన్నాను.
అన్నాక, మెట్ల దగ్గర చాలాసేపు
బిర్యానీ హోటల్ బోర్డు చదువుతూ నిలబడ్డాను.

చివరికి నిద్ర పరీక్ష నిలబెట్టింది.
తలకి తీగలు, ముక్కుకి గొట్టం.
గంటకి ముప్పై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందంట.
"గట్టి జబ్బేనండీ!" కుర్రాడి మొహం వెలిగిపోయింది.
నాదీ వెలిగిందేమో, అద్దం లేదు.
పక్క మంచంమీద ఇన్నేళ్ళూ
ఆ ఆగిన ఊపిర్లు లెక్కపెట్టుకుంటూ
మేలుకున్న మనిషిని తలుచుకున్నాను తర్వాత.

నిన్న కంపెనీ నుంచి కాగితం వచ్చింది.
అన్నీ ఉన్నాయి, ఆగస్టు బరువేదీ? అని.
ఏం రాయను? కట్టేసిన పడవలనా?
వేబ్రిడ్జి చీటీనే జెరాక్స్ తీసి పంపాను.

ఈ పొద్దున పడవలో
పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకున్న పిల్ల అడిగింది,
"అత్తా, తగ్గేవేంటి?"
నీళ్ళకేసి చూశాను.
జవాబు చెప్పలేదు,
కంపెనీవాళ్ళు వింటారేమోనని.