పెరుగు

మొదటి మాత్ర రాత్రి తొమ్మిదింటికి.
నాలుక మీద తియ్యగా మొదలై
గొంతు దాటేలోపే ఏ రుచీ లేకుండా పోతుంది.
అది లోపలికెళ్లి చెప్పే మాట ఒక్కటేనట. డాక్టర్ పరిమళ
తమిళంలో చెప్పింది, నేను తెలుగులో విన్నాను:
పెరుగు.

పెరంబూర్ కొట్లో దాన్ని తయిర్ అంటారు.
ఆ మాటలో ఆజ్ఞ లేదు.
నా భాషలోనే గిన్నెలోదానికీ
గర్భసంచి గోడకి చెప్పాల్సినదానికీ ఒకటే పేరు.

కోదండానికి అంకె కావాలి.
కోచ్ ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా
ఇరుసుల పక్కన వెర్నియర్ పట్టుకుని నిలబడే మనిషి.
సాయంత్రం బూట్లు విప్పకముందే, "ఈ రోజు ఎంత?"
పదో రోజు ఆరు పాయింట్ రెండు.
(పోయినసారి అక్కడే ఆగింది. వాయిదా వేసి పంపేశారు.
తిరిగొస్తూ ఇద్దరం చెరుకురసం తాగాం, ఏమీ మాట్లాడలేదు.)
పదమూడో రోజు ఎనిమిది పాయింట్ నాలుగు.
తెర మీద మూడు గీతలు, విప్పని తమలపాకులా.
"టాలరెన్స్ ఎంత మేడమ్?" అన్నాడు.
స్కాన్ గదిలో ఎవరూ నవ్వలేదు.

తర్వాత రెండో మందు. ఇది నూనెలో ఉంటుంది.
రైల్వే ఆసుపత్రిలో రిటైరైన మేరీ పుష్పం అక్క
రోజూ ఏడింటికి వస్తుంది.
అప్పటికి అరగంటగా కోదండం ఆ గాజుబుడ్డిని
గుప్పిట్లో మూసుకుని కూర్చుని ఉంటాడు,
నూనె వెచ్చబడితేగానీ సూదిలో దిగదని.
తుంటి మీద నిన్నటి గడ్డ పక్కన ఇవాళ్టి గడ్డ.
ఈ మందు మొదటిదానికి ఎదురు చెబుతుందట:
చాలు, ఇక పెరగకు.
పండు.

మా వైపు పసివాళ్లను పిలిచేదీ అలాగే.
నేను పైకి అనలేదు. ఆయనా అనలేదు.

గ్రంథుల్లో తీపి ఊరుతుందట.
నెత్తురు దారులు మెలికలు తిరుగుతాయట.
ఎప్పుడూ చిన్నగా కదిలే కండరం
అలికిడి తగ్గించి, కాళ్లు దగ్గరికి ముడుచుకుంటుందట.
ఇదంతా చేసి రెండు రోజులే తలుపు తీసి ఉంచుతుంది,
మూడో రోజు ఎవరొచ్చినా వినపడదు.

పదమూడో ఏట నుంచీ ఇదే పని చేస్తోందా నాలో?
సుమారు రెండొందల డెబ్బై సార్లు
పరిచి, ఎదురుచూసి, ఎవరూ రాక
మొత్తం చుట్టి బయట పారేసిందా?
ట్వంటీ నైన్ సీ బస్సులో కడుపు పట్టుకుని
దాన్ని నేనెన్ని తిట్లు తిట్టానో.
ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు
తలుపు దగ్గర నిలబెట్టి పంపేసిన చుట్టంలా ఉంది.

ఐదు రోజుల వయసున్న చుక్కని లోపల విడిచారు.
తెర మీద తళుక్కుమంది, అంతే.
నడవొచ్చు, జారిపోదు అని డాక్టర్ చెప్పింది.
కోదండం నమ్మలేదు. కొన్నూర్ హైరోడ్డు పొడుగునా
ఆటో అతన్ని బతిమాలుతూనే ఉన్నాడు,
మెదువా పోంగ, మెదువా.

ఆ రాత్రి పాలు గోరువెచ్చగా దించి తోడేశాను.
మే నెల కదా, చుక్క ఎక్కువైతే పులుస్తుంది,
తక్కువైతే పాలు పాలుగానే ఉంటాయి.
మా ఇంటి వెనక పట్టాలు. గూడ్సు పోతే
గరిటెలు కూడా వణుకుతాయి.
తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద గిన్నె పెట్టాను.
కదిలితే తోడుకోదు.

రెండింటికి మెలకువొచ్చింది. వంటింట్లో లైటు.
కోదండం గిన్నె ముందు నిలబడి
మూత మీద చెయ్యి వేశాడు.
"ఉండు," అన్నాను.
చెయ్యి అలాగే ఆగింది.
గూడ్సు పోతోంది, పెట్టె తర్వాత పెట్టె,
ఇంకా పోతూనే ఉంది.